ఎండకు పాడైన ముఖానికి ట్రెటినోయిన్ ఎన్నేళ్లు రాయవచ్చు?

మీరు రాసిన నాలుగు పేరాల సారాంశం ఇది. వయసు 47. జిల్లా పరిషత్ పాఠశాలలో టీచరు. పదహారేళ్లుగా రోజూ స్కూటీ మీద పద్నాలుగు కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంత దూరం తిరిగి రావడం. బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు, కళ్ల చివర సన్నగీతలు, చేత్తో తడిమితే గరుకుగా తగిలే నుదురు. ఏడాదిన్నర క్రితం చర్మవైద్యుడు 0.025 శాతం ట్రెటినోయిన్ క్రీము రాసిచ్చారు. గరుకు పోయింది, మచ్చలు సగానికి తగ్గాయి. ఇప్పుడేమో మందుల షాపు అబ్బాయి ‘ఇన్నాళ్లు రాస్తే చర్మం పలచబడిపోతుంది మేడమ్’ అంటున్నాడు. మీ వదినగారు ‘ఆపితే ఇంతకింత ముడతలు పడతాయి’ అంటున్నారు. రాయాలా, ఆపాలా, రాస్తే ఎన్నేళ్లు?

రాయండి. మందు మీకు పడింది, మోతాదు తక్కువ, ముఖం ఎర్రబడటం లేదు, గర్భం వచ్చే అవకాశం లేదని మీరే చెప్పారు. ఇలాంటప్పుడు ఐదేళ్లయినా పదేళ్లయినా రాయవచ్చు. రోజూ అక్కరలేదు, ఇక మీదట వారానికి మూడు రాత్రులు చాలు. చర్మం పలచబడదు. ఆపితే ఉన్నట్టుండి ముసలితనం వచ్చి మీద పడదు. ఆ ఇద్దరూ చెప్పినవి రెండూ పొరపాటే. అయితే ఆ భయాలు ఊరికే పుట్టలేదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి కాబట్టే ఈ సమాధానం కాస్త పొడవవుతోంది.

నేను ఇరవై ఆరేళ్లుగా గుంటూరులో చర్మవైద్యం చేస్తున్నాను. ఈ క్రీము నేనూ పదకొండేళ్లుగా రాసుకుంటున్నాను. కనుక నాకు దీని మీద కాస్త పక్షపాతం ఉందనుకున్నా తప్పు లేదు. ఆ లెక్క తీసేసే చదవండి.

ఎండ చేసే పని ఏమిటో చూడాలంటే పుస్తకం అక్కరలేదు. కిటికీ దగ్గర నిలబడి మీ చేయి పైకెత్తి, చంకకు దిగువన చేతి లోపలివైపు చర్మాన్ని చూడండి. తర్వాత ముంజేతి పైవైపు చూడండి. రెండు చోట్లా చర్మం వయసు 47 ఏళ్లే. లోపలివైపు నునుపుగా, ఒకే రంగులో ఉంటుంది. పైవైపు మచ్చలు, గరుకు, చిటికెడు పట్టి వదిలితే వెంటనే సర్దుకోని సడలింపు. ఆ తేడా మొత్తం ఎండదే. అతినీల లోహిత కిరణాలు పడిన కొన్ని గంటలకే చర్మంలో దాన్ని బిగువుగా ఉంచే ప్రొటీను పోగులైన కొల్లాజెన్‌ను తుంపేసే ఎంజైములు పెరుగుతాయి. శరీరం మళ్లీ అల్లుకుంటుంది గాని, ప్రతిసారీ ఒక పోగు తక్కువ పడుతుంది. పదహారేళ్ల పాటు రోజుకు రెండుసార్లు అలా జరిగితే ఏమవుతుందో మీ ముంజేయే చెబుతుంది.

తెల్లతోలు వారికి ఇది ముందు ముడతలుగా కనిపిస్తుంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు ఆలస్యంగా వస్తాయి, మచ్చలు ముందే వస్తాయి. అందుకే విదేశీ ప్రకటనల్లో ఈ మందును ‘ముడతల క్రీము’ అంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మచ్చల కోసమే అడుగుతారు.

కొన్నేళ్ల క్రితం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, కుడి బుగ్గ మీద దురద అని. దురద సంగతి చిన్నదే. కానీ ఆయనను వెలుతురు వైపు తిప్పి చూస్తే ముఖం ఇద్దరు మనుషులదిలా ఉంది. ఎడమ వైపు తన వయసుకు తగ్గట్టు ఉంది. కుడి వైపు, కిటికీ పక్కది, కంటి కింద తోలు సంచిలా మడతలు పడి, చెంప మీద నల్లటి చుక్కలు. కుడి ముంజేయి కూడా అంతే. ఇరవై ఏడేళ్లు అదే సీటు, అదే కిటికీ. అమెరికాలో ఇలాంటి లారీ డ్రైవరు ఫొటో ఒకటి 2012లో వైద్యపత్రికలో వచ్చి చాలా పేరు పొందింది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి ఆయనకు ఎడమ చెంప పాడైంది, మన వాళ్లకు కుడి చెంప. కిటికీ అద్దం మూసుకున్నాం కదా అనుకోవడానికీ లేదు. పక్క అద్దాల గుండా యూవీఏ అనే రకం అతినీల లోహిత కిరణాలు చాలావరకు లోపలికి వచ్చేస్తాయి.

ఇక మందు కథ. ట్రెటినోయిన్ అంటే విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు దీన్ని మొటిమలకు వాడి చూశాడు. 1971లో అమెరికాలో మొటిమల మందుగా అనుమతి వచ్చింది. మొటిమలున్న వాళ్లలో కాస్త వయసు మళ్లిన స్త్రీలు కొందరు ‘డాక్టరుగారూ, మొటిమల సంగతి అలా ఉంచండి, ముఖం నునుపెక్కింది, గీతలు తగ్గాయి’ అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట పట్టుకుని చేసిన పని 1986లో ప్రచురితమైంది. (ఈ క్లిగ్‌మనే ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి తలవంపులు తెచ్చుకున్న మనిషి కూడా. మందు మంచిదైనంత మాత్రాన ఆ సంగతి దాచనక్కరలేదు.)

1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 30 మంది మీద 16 వారాలు పరీక్షించారు. ఒక ముంజేతికి మందు, ఇంకో ముంజేతికి మందు లేని ఉత్త క్రీము. మందు రాసిన వైపు తేడా స్పష్టంగా కనిపించింది. మంట, ఎరుపు కూడా అంతే స్పష్టంగా కనిపించాయి. 1993లో అదే బృందం చర్మం ముక్క తీసి చూస్తే, పది పన్నెండు నెలలు 0.1 శాతం మందు రాసినవాళ్లలో కొత్త కొల్లాజెన్ తయారీ 80 శాతం పెరిగింది. ఉత్త క్రీము రాసినవాళ్లలో 14 శాతం తగ్గింది. నాకు ఇందులో ఆ రెండో అంకె ముఖ్యం. ఏమీ చేయకపోతే ఉన్నచోట ఉండిపోము, వెనక్కి పోతాం.

1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 0.05 శాతం క్రీమును సన్నగీతలకు, మచ్చలకు, గరుకుదనానికి అనుమతించింది. అనుమతిస్తూనే ఇది ముడతలను మాయం చేయదు, ఎండ చేసిన నష్టాన్ని పూర్తిగా బాగుచేయదు, యవ్వనం తిరిగి తేదు అని లేబుల్ మీద రాయించింది. మందుల షాపులో ఎవరైనా ‘పదేళ్లు వెనక్కి వెళ్తారు’ అంటే ఆ లేబుల్ గుర్తు తెచ్చుకోండి. 48 వారాలు దాటి వాడితే భద్రత నిర్ధారణ కాలేదని కూడా ఆ కాగితంలోనే ఉంది. చాలామంది భయానికి అదొక మూలం. తర్వాత 2005లో 200 మందికి పైగా మనుషుల మీద రెండేళ్ల పాటు జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. చర్మకణాల్లో అసాధారణ మార్పులేమీ కనిపించలేదు, మేలు నిలబడింది.

మరి ‘పలచబడటం’ మాట ఎక్కడిది?

మొదటి వారాల్లో పై పొర, అంటే పొట్టులా ఉండే మృతకణాల పొర, దగ్గరపడి సన్నబడుతుంది. అందుకే ముఖం మెరుస్తుంది, నీళ్లు తగిలినా చిరచిరలాడుతుంది. దాని కింద ఉన్న జీవమున్న పొర మాత్రం మందమవుతుంది. ఇంకా కింద, నెలల మీద, కొల్లాజెన్ పెరుగుతుంది. లెక్క చూస్తే చర్మం బలపడటమే.

చర్మాన్ని నిజంగా పలచబరిచే మందు వేరే ఉంది. దాని గురించి ఒక సంఘటన చెప్పాలి.

రెండేళ్ల క్రితం వేసవిలో ఒకావిడ వచ్చారు. కూర్చోగానే ‘నాలుగేళ్లుగా ట్రెటినోయిన్ రాస్తున్నాను, మొహం ఇలా అయింది’ అన్నారు. బుగ్గలు కందిన టమాటా రంగు. చర్మం కింద ఎర్రటి దారాల్లాంటి రక్తనాళాలు. పై పెదవి మీద, చెంపల మీద నూగు. పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానని, ఎండలోకి అడుగు పెడితే కారం పూసినట్టు ఉంటుందని చెప్పారు. ట్యూబు తెచ్చారా అని అడిగాను. హ్యాండ్‌బ్యాగులోంచి పేస్టు ట్యూబులా అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చిన చిన్న ట్యూబు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అసలు సంగతి వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో. నా కళ్లజోడు చాలక భూతద్దం పెట్టి ఆవిడకు చూపించాను. మొదటి పంక్తి హైడ్రోక్వినోన్, రంగు తగ్గించే మందు. రెండోది ట్రెటినోయిన్. మూడోది మొమెటాసోన్. ఆవిడ మూడో పంక్తి మీద వేలు పెట్టి ‘ఇదేమిటి?’ అన్నారు. స్టెరాయిడ్ అమ్మా, అన్నాను.

ఈ మూడింటి కలయిక కూడా క్లిగ్‌మన్ చలవే. 1975లో ఆయన, ఇంకొకరు కలిసి హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన సూత్రం ఒకటి ప్రచురించారు. మంగు మచ్చలకు కొద్ది వారాలు, వైద్యుడి కనుసన్నల్లో వాడితే అది పనికొచ్చే ఆయుధమే. మన దేశంలో అది తెల్లబడే క్రీముగా ఇంటింటికీ చేరింది. రాసిన వారానికే ముఖం తెల్లగా, నునుపుగా అయిపోతుంది మరి! ఆ మెరుపు స్టెరాయిడ్‌ది. ఆపితే మంట, ఎరుపు, మొటిమలు ఎగదన్నుకు వస్తాయి. దాంతో మళ్లీ రాస్తారు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ షాపు అబ్బాయి చూసిన ‘పలచబడిన’ ముఖాలు ఇవే. మీ వదినగారు చూసిన ‘ఆపగానే పాడైన’ ముఖాలూ ఇవే. నేరం మూడో పంక్తిది, నింద రెండో పంక్తికి. కనుక మీరు చేయాల్సిన మొదటి పని: ఈ సమాధానం పక్కన పెట్టి, వెళ్లి మీ ట్యూబు వెనకవైపు చదవండి. ట్రెటినోయిన్ ఒక్కటే ఉంటే మిగతాది చదవండి. మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, క్లోబెటాసోల్, బీటామెథాసోన్, డెక్సామెథాసోన్ అని ఏది కనిపించినా నా మాటలు మీకు వర్తించవు. హఠాత్తుగా ఆపకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి, మెల్లగా మాన్పించడానికి పద్ధతి ఉంది.

సరే, ఉత్త ట్రెటినోయిన్ అనుకుందాం. దాన్ని మానేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, మొదట్లో. కొన్ని నెలలకు గరుకు తిరిగి మొదలవుతుంది, ఏడాదికి గీతలు మెల్లగా పాత స్థితి వైపు నడుస్తాయి. రాయకుండా ఉండి ఉంటే ఎక్కడ ఉండేవారో అంతకంటే కిందికి పోరు. ఏడాది పాటు రోజూ రాసినవాళ్లను తర్వాత వారానికి మూడుసార్లకు తగ్గిస్తే మేలు నిలబడిందని, పూర్తిగా మానేస్తే జారిపోయిందని పరీక్షల్లో తేలింది. నేను మీకు వారానికి మూడు రాత్రులు అన్నది అందుకే.

మోతాదు విషయంలో ఒక పొరపాటు చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. ఏడాదిన్నర అయింది కదా, ఇక 0.05కో 0.1కో పెంచుదామా అని. అక్కరలేదు. 1995లో 0.025, 0.1 శాతాలను 48 వారాలు పక్కపక్కన పోల్చి చూశారు. మేలు రెండింటిలో దాదాపు సమానం. మంట మాత్రం 0.1లో చాలా ఎక్కువ. మన చర్మానికి ఈ ఫలితం మరీ ముఖ్యం. తెల్లతోలు మీద మంట ఎర్రగా వచ్చి పోతుంది. మన తోలు మీద మంట నల్లమచ్చగా మిగిలిపోతుంది. మచ్చ పోవడానికి రాసిన మందే మచ్చ తెస్తుంది.

ఒక కళాశాల అధ్యాపకురాలు నాకు గుర్తున్నారు. కూతురి పెళ్లి ఇంకా ఏడు వారాలుందనగా నా దగ్గర 0.025 రాయించుకుని వెళ్లారు. వారానికి రెండు రాత్రులు అని చీటీ మీద రాసి, కింద గీత కూడా గీశాను. పెళ్లి దగ్గరపడుతోందని ఆవిడ బయట 0.1 జెల్ కొనుక్కుని రోజూ పట్టించారు. పొట్టు లేస్తుంటే మందు పనిచేస్తోందని సంతోషించి, సున్నిపిండితో ఆ పొట్టును రుద్దేశారట. పెళ్లికి వారం ముందు వచ్చేసరికి నోటి మూలలు పగిలి, రెండు బుగ్గల మీదా కాలిన అట్టు రంగు. ఆ మచ్చలు పోవడానికి ఐదు నెలలు పట్టింది. వాటిని పోగొట్టింది కూడా 0.025 ట్రెటినోయినే, వారానికి రెండు రాత్రులు, తర్వాత మూడు. పెళ్లి ఆల్బమ్ మాత్రం ఆవిడ నాకు ఇంతవరకు చూపించలేదు.

మీకు వాడే తీరు తెలిసే ఉంటుంది. అయినా చదివే కొత్తవాళ్ల కోసం నా పద్ధతి చెబుతాను. రాత్రి ముఖం మామూలు సబ్బుతో కాకుండా మెత్తటి క్లెన్సర్‌తో కడిగి, తుడిచి, ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. తడి ముఖం మీద మందు ఎక్కువగా లోపలికి దిగి మంట పుట్టిస్తుంది. మొత్తం ముఖానికి శనగగింజంత చాలు. నుదుటికి, రెండు బుగ్గలకు, గడ్డానికి, ముక్కుకు ఐదు చుక్కలు పెట్టి పలుచగా పరచాలి. మచ్చ మీద మందంగా పూయడం మన వాళ్లకు బాగా అలవాటు. అలా చేస్తే ఆ చోటే కమిలిపోతుంది. కంటి మూలలు, ముక్కు పక్కల మడతలు, పెదవుల చివరలు వదిలేయాలి, లేదా అక్కడ ముందుగా కాస్త వాసెలిన్ రాయాలి. పొడి చర్మమైతే మాయిశ్చరైజర్ ముందు రాసి, దాని మీద మందు, మళ్లీ మాయిశ్చరైజర్. మొదటి నెల వారానికి రెండు రాత్రులు, ఓర్చుకుంటే మూడు, ఆపైన రోజు విడిచి రోజు. మొదటి మూడు నాలుగు వారాలు కాస్త పొట్టు, చిరచిర మామూలే. ఎర్రగా కందితే మూడు రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టడం ఓటమేమీ కాదు.

ఫలితానికి తొందరపడితే ఈ మందు పనికిరాదు. గరుకు ఆరు వారాల్లో తగ్గుతుంది. మచ్చలకు మూడు నాలుగు నెలలు. గీతలకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. నవ్వితే పడే లోతైన మడతలకు, సాగిపోయిన చర్మానికి దీనితో పెద్దగా ఒరిగేది లేదు. డ్రైవరుగారి కంటి కింది సంచి అలాగే ఉంది. బుగ్గ మీది గరుకు, మచ్చలు మాత్రం ఏడాదిలో బాగా తగ్గాయి. ఆయనకు అంతకంటే మేలు చేసింది కుడి చేతికి తొడుక్కున్న నూలు తొడుగు అనుకోండి.

ఇక్కడికి వచ్చాం కాబట్టి పగటి సంగతి. రాత్రి ట్రెటినోయిన్ రాసి పగలు ఉత్త ముఖంతో స్కూటీ ఎక్కితే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. మన దగ్గర వేసవి మధ్యాహ్నాల్లో అతినీల లోహిత సూచిక 11 దాటడం మామూలు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. చాలామంది అందులో పావు వంతు రాసి పనిచేయలేదంటారు. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, రంగున్న సన్‌స్క్రీన్ తీసుకోవాలి. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. బడి వదిలే వేళకు ఉదయం రాసింది ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. స్టాఫ్ రూములో ఒక ట్యూబు ఉంచుకుని బయల్దేరే ముందు మళ్లీ రాయండి. పూర్తి ముఖం కప్పే హెల్మెట్, దాని కింద నూలు చున్నీ ఏ క్రీముకూ తీసిపోవు.

‘ట్యాన్’ అని మీరు అనుకునేది ట్యాన్ కాకపోవచ్చు. ఇది మీకు కాదు, మీ ప్రశ్న కింద ‘నాకూ అంతే, నేనూ కొంటాను’ అని రాసిన ఆరేడుగురికి. నుదుటి పక్కల, మెడ చుట్టూ మందంగా, ముఖమల్ గుడ్డలా తగిలే నలుపు ఎండ వల్ల కాదు. చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు, ముందు చక్కెర పరీక్ష చేయించుకోవాలి. నుదురు, మెడ మీద బూడిద నీలం రంగులో పరుచుకునే మచ్చలు లైకెన్ ప్లానస్ పిగ్మెంటోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, జుట్టుకు వేసుకునే రంగు వల్ల వచ్చిందేమో కూడా చూడాలి. ఇలాంటి మచ్చలకు చూసుకోకుండా ట్రెటినోయిన్ మొదలుపెట్టి మంట తెచ్చుకుంటే ఇంకా ముదురుతాయి. నెల దాటినా మానని పుండు, పెరుగుతూ రక్తం కారే నల్లటి బొడిపె ఉంటే క్రీముల ఆలోచన మాని ఆ వారమే చూపించుకోవాలి.

ఎవరు రాయకూడదు? గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మానేయాలి. పూతమందు రక్తంలోకి చేరేది చాలా తక్కువే. కానీ ఇదే కుటుంబానికి చెందిన మాత్రలు పిండానికి చేసే హాని తెలిసి కూడా ముఖం నునుపు కోసం ఆ కొంచెం ప్రమాదం ఎందుకు తీసుకోవాలి? ఎగ్జిమా, రోసేషియా (ముఖం తరచూ ఎర్రబడే జబ్బు) ఉన్నవాళ్లు వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. వాక్సింగ్‌కు వారం ముందే ఆపాలి, లేకపోతే మైనంతో పాటు తోలు కూడా ఊడివస్తుంది. పార్లర్లో పై పెదవి మీద అలా ఊడిన ముఖాలు ఏడాదికి నాలుగైదు చూస్తాను. థ్రెడింగ్‌కు రెండు మూడు రోజులు చాలు. బ్లీచ్, పీలింగ్, నిమ్మరసం మాత్రం ఈ మందుతో పాటు అసలు వద్దు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో వెతికితే మీకు అది కనిపిస్తుంది. అమెరికాలో మాజీ సైనికులు 1,131 మంది మీద, సగటు వయసు 71 ఏళ్లు, ట్రెటినోయిన్ 0.1 శాతం చర్మ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనని పరీక్ష చేశారు. మందు రాసిన వర్గంలో మరణాలు ఎక్కువగా కనబడటంతో ఆరు నెలలు ముందే ఆపేశారు. 2009లో ఆ వివరాలు ప్రచురిస్తూ, మరణాలకు మందే కారణమని తాము భావించడం లేదని, అందుకు అవకాశం తక్కువని పరిశోధకులే రాశారు. నేనూ అదే అనుకుంటున్నాను. దశాబ్దాలుగా వాడుతున్న యువతలో గాని, నడివయసు వాళ్లలో గాని అలాంటి జాడ లేదు. చర్మ క్యాన్సర్‌ను మాత్రం ఆ మందు ఆపలేకపోయింది. కనుక ‘ఇది రాస్తున్నాం, ఇక క్యాన్సర్ రాదు’ అనే ధీమా పనికిరాదు.

మీ అమ్మాయి డల్లాస్ నుంచి పంపిన రెండు సీసాల సంగతి. ఒకటి రెటినాల్. అది చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు ఎక్కి రెటినోయిక్ ఆమ్లంగా మారాలి, దారిలో చాలావరకు పోతుంది. మంట తక్కువ, బలమూ తక్కువే. ట్రెటినోయిన్ పడనివాళ్లకు మంచి ప్రత్యామ్నాయం, మీకు అవసరం లేదు. రెండోది అడపలీన్, ట్రెటినోయిన్ కుటుంబానికే చెందిన మందు. 2016 నుంచి అమెరికాలో 0.1 శాతం చీటీ లేకుండా అమ్ముతున్నారు. వెలుతురుకు చెడిపోదు, మంట తక్కువ, మొటిమలకు బాగా పనిచేస్తుంది. ఎండ పాడుచేసిన చర్మం మీద దానికి ఉన్న ఆధారం ట్రెటినోయిన్‌కు ఉన్నంత లేదు. రెండూ తెరవకుండా మీ మేనకోడలికి ఇవ్వండి, ఒకేసారి రెండూ రాయవద్దని మరీ మరీ చెప్పి. మీరైతే ట్రెటినోయిన్ మీద ఇంకేదీ రాయకండి.

మెడకు రాయవచ్చా అని అడిగారు. రాయవచ్చు, వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టి, మాయిశ్చరైజర్ కలిపి. మెడ చర్మం ముఖం కంటే తొందరగా కమిలిపోతుంది. చేతుల పైభాగానికి మాత్రం ధైర్యంగా రాయండి. హ్యాండిల్ మీద పదహారేళ్లు ఎండిన చేతులు అవే కదా, వాటిని ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఫలితం ఆలస్యం, ఎనిమిది పది నెలలు చూడాలి.

చివరిగా, ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టాలా అన్నారు. అక్కరలేదు. వెలుతురు, వేడి తగలని బీరువాలో పెట్టి మూత గట్టిగా బిగిస్తే చాలు. క్రీము కాస్త పసుపుగా ఉండటం దాని సహజమైన రంగే. బడి నుంచి రాత్రికి ఊరు వెళ్లాల్సి వచ్చినా సరే, స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టకండి. మే నెలలో ఆ డిక్కీలో మీ లంచ్ బాక్సే మళ్లీ ఉడుకుతుంది.